మహిళల ఫుట్‌బాల్‌లో తలకు తగిలే దెబ్బల కొలత: ఏ సెన్సర్, ఎంత ట్రిగ్గర్, ఆ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి?

పలకపెన్సిల్ (ప్రశ్న)

22 మంది ఉన్న మహిళల సీనియర్ జట్టు. ఒక సీజన్ పొడుగునా ప్రాక్టీసుల్లోనూ మ్యాచ్‌ల్లోనూ తలకు తగిలే దెబ్బల్ని లెక్కపెట్టాలి, ఏది ఎంత బలంగా తగిలిందో కొలవాలి. మూడు దారులున్నాయి: చెవి వెనక అతికించే ప్యాచ్, హెడ్‌బ్యాండ్‌లో ఇమిడే సెన్సర్, పళ్లకు తొడిగే సెన్సర్ మౌత్‌గార్డ్. మౌత్‌గార్డ్ ఖరీదెక్కువ, పైగా ఫుట్‌బాల్‌లో దాని అలవాటు తక్కువ. అందుకని ప్యాచ్ వైపు మొగ్గు ఉంది.

తేలాల్సినవి నాలుగు:
1. ప్యాచ్‌తో పని జరుగుతుందా?
2. ట్రిగ్గర్ (ఎంత కుదుపు దాటితే సెన్సర్ రికార్డు చేయాలన్న హద్దు) 10 జీ దగ్గర పెట్టాలా, ఇంకా కిందికి దించాలా? (1 జీ అంటే భూమి గురుత్వ త్వరణం.)
3. ఇన్ని జీ దాటితే ప్లేయర్‌ని బయటికి పిలవాలి అని గీత గీయొచ్చా? కోచ్ పట్టుబట్టి అడుగుతున్నది ఇదే.
4. పురుషుల ఫుట్‌బాల్‌లో తేలిన అంకెలు వీళ్లకూ వర్తిస్తాయా?

గైరోస్కోపు

ప్యాచ్ వద్దండీ. మనకు కావాల్సింది పుర్రె ఎంత కదిలిందన్నది. చెవి వెనక చర్మం ఎముక మీద జారుతుంది. బంతి తగిలిన ఆ పది మిల్లీసెకన్లలో ప్యాచ్ కొలిచేది పుర్రె కదలికకు చర్మం ఊగిసలాటను కలిపి. ఆ రెంటినీ తర్వాత విడదీయడం కుదరదు.

2016లో స్టాన్‌ఫోర్డ్ బృందం మౌత్‌గార్డ్, ప్యాచ్, తలకు తొడిగే టోపీ మూడింటినీ ఒకే మనిషికి పెట్టి బంతిని హెడ్ చేయించింది (తలతో కొట్టించింది). చెవి రంధ్రంలో పెట్టిన గుర్తుతో హైస్పీడ్ వీడియోలో పోల్చి చూస్తే మౌత్‌గార్డ్ 1 మిల్లీమీటరు లోపే కదిలింది. ప్యాచ్ 4 మిల్లీమీటర్ల దాకా, టోపీ 13 మిల్లీమీటర్ల దాకా జరిగాయి. రేఖీయ త్వరణం గరిష్ఠ విలువను ప్యాచ్ సగటున 15 జీ, టోపీ 50 జీ ఎక్కువగా చూపించాయి. మామూలు హెడర్ 10 నుంచి 30 జీ మధ్య ఉంటుంది. కొలవాల్సిన వస్తువెంతో కొలతలో తప్పూ అంతే ఉంటే ఆ పట్టికలో ఏం మిగులుతుంది చెప్పండి.

హెడ్‌బ్యాండ్‌దీ ఇదే జబ్బు, మహిళల జట్టులో ఇంకో చిక్కు తోడవుతుంది. పోనీటెయిల్ ముడి బ్యాండు వెనక అంచుని పైకి తోస్తూ ఉంటుంది. చెమట పట్టాక బ్యాండు నుదుటి మీద నుంచి జుట్టు మీదికి ఎక్కుతుంది. మొదటి పది నిమిషాల్లో సెన్సర్ ఉన్న చోటు వేరు, చివరి పది నిమిషాల్లో వేరు. లెక్క మాత్రం రెండు సార్లూ ఒకే చోటు అనుకుని చేస్తారు.

మౌత్‌గార్డ్ మేలు. పై దవడ పళ్లు పుర్రెకు గట్టిగా పట్టుకుని ఉంటాయి కదా. అయితే అది సరిగ్గా కూర్చుంటేనే. వేడినీళ్లలో ముంచి కొరికేది కాకుండా పళ్ల స్కాన్ తీసి చేయించినదే తీసుకోండి. చిన్న దవడకు మధ్య సైజు గార్డ్ పెడితే వెనక దంతాల దగ్గర లేచి ఉంటుంది, పరుగులోనే కిటకిటలాడుతుంది. పరీక్ష సులువు: నోరు పూర్తిగా తెరిచి తల విదిలిస్తే గార్డ్ కదలకూడదు, వేలితో లాగితేనే ఊడాలి. పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవాళ్లకు పళ్లు జరిగేకొద్దీ స్కాన్ మళ్లీ తీయాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందే రాసుకోండి.

ఇక వాడకం. అరుస్తూ ఆడాల్సిన గోల్‌కీపర్, సెంటర్ బ్యాక్ గార్డ్‌ను ఊరికే తీసి సాక్స్‌లో దోపుతారు. నోట్లో ఉందో లేదో చెప్పే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఉన్న మోడలే కొనండి. అది లేకపోతే సాక్స్‌లో పడ్డ ప్రతి కుదుపూ తలకు తగిలిన దెబ్బగా నమోదవుతుంది. మొదటి వారం వార్మప్‌లో మాత్రమే, రెండో వారం సగం సెషన్, మూడో వారం నుంచి పూర్తిగా పెట్టించండి. గార్డ్ మీదా, దాని డబ్బా మీదా జెర్సీ నంబర్ రాయండి. ఒకరి గార్డ్ ఇంకొకరి డబ్బాలోకి పోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు, దానివల్ల ఇద్దరి డేటా పాడవుతుంది.

వీడియో బెంచి

ట్రిగ్గర్ సంగతి. 10 జీ అనేది పాత పరికరాల నుంచి వస్తున్న అలవాటు. పరుగు, గెంతుల కుదుపులు చాలావరకు దాని కిందే ఆగిపోతాయి కాబట్టి అది నిలిచిపోయింది. కానీ పక్కనున్న ప్లేయర్ చేత్తో వేసిన బంతిని మెల్లగా హెడ్ చేస్తే 10 జీ రాకపోవచ్చు. కాబట్టి 5 జీ దగ్గర రికార్డు చేయించండి, 10 జీ దాటినవాటిని విశ్లేషణలో విడిగా చూపించండి. ఇంకో మెలిక: ట్రిగ్గర్ చూసేది పళ్ల దగ్గర ఏదో ఒక అక్షం మీద వచ్చిన విలువని. మీరు నివేదికలో రాసేది తల గురుత్వకేంద్రం దగ్గర మూడు అక్షాలూ కలిపిన విలువ. కేంద్రం దగ్గర 11 జీ ఉన్న దెబ్బ పళ్ల దగ్గర ట్రిగ్గర్‌ను తాకకుండా జారిపోవచ్చు. అందుకే "10 జీ దాటిన దెబ్బలన్నీ దొరికాయి" అని ఎప్పుడూ రాయకండి.

హెడర్ల సంఖ్యను మాత్రం సెన్సర్ నుంచి తీసుకోవద్దు, వీడియో నుంచే తీసుకోండి. సెన్సర్ బలం చెబుతుంది, ఏం జరిగిందో వీడియో చెబుతుంది.

కెమెరాలు కనీసం రెండు: మధ్యగీత దగ్గర ఎత్తున ఒకటి, గోల్ వెనక ఒకటి. సెకనుకు 60 ఫ్రేములు పెట్టండి. సెకనుకు 15 మీటర్ల వేగంతో వచ్చే బంతి 30 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య అర మీటరు జరుగుతుంది, 60లో పావు మీటరు. బంతి నుదుటిని తాకి ఉండేది 10 మిల్లీసెకన్ల చిల్లర, 60 ఫ్రేముల్లో కూడా ఒక ఫ్రేము కంటే తక్కువ. అంటే తాకిన క్షణం దొరకకపోవచ్చు, తాకకముందు ఫ్రేమూ తాకిన తర్వాత ఫ్రేమూ చూసి బంతి దారి మారిందా అని తేల్చాలి.

టైము కలపడానికి: సెషన్‌కు ముందు గార్డులన్నీ ఒక ట్రేలో పెట్టి, కెమెరాకు కనిపించేలా ట్రేను బల్ల మీద మూడుసార్లు కొట్టండి. సెషన్ అయ్యాక మళ్లీ మూడుసార్లు. ముందు తేడా, తర్వాత తేడా చూస్తే ఏ గార్డ్ గడియారం ఎంత జారిందో తెలుస్తుంది, మధ్యలోవాటిని దాన్ని బట్టి సర్దొచ్చు. నోట్లో లేదని చెప్పే సెన్సర్ రికార్డింగ్‌ను ఆపేసి ఉంటే ఈ దెబ్బలు నమోదు కావు, ఆ మోడ్ ముందే చూసుకోండి. ఇది చేయకపోతే కార్నర్ కిక్ గుంపులో రెండు సెకన్ల తేడా చాలు, మోచేయి దెబ్బ హెడర్‌గా రాసుకుపోతుంది.

లేబుళ్లు తక్కువ పెట్టండి: కావాలని చేసిన హెడర్, అనుకోకుండా బంతి తగలడం, తలకు తల, తలకు మోచేయి లేదా భుజం, తలకు నేల, తలకు గోల్‌పోస్ట్, ఒంటికి తగిలి తల ఊగడం. ఈ చివరిది వదిలేయకండి. 2022లో వచ్చిన చాంప్ (తల త్వరణాన్ని కొలిచే పద్ధతులపై పరిశోధకుల) ఏకాభిప్రాయ పత్రాలు "తల త్వరణ ఘటన" అనే మాట వాడుతున్నది ఇందుకే: తలకు ఏదీ తగలకపోయినా మొండెం కుదుపుకి మెదడు ఊగుతుంది. ఇద్దరు వేర్వేరుగా లేబుల్ చేయాలి. కొన్ని మ్యాచ్‌లు ఇద్దరికీ ఇచ్చి కప్పా విలువ (ఇద్దరి లేబుళ్లు ఎంతగా కలిశాయన్న కొలత) 0.8 దాటిందో లేదో చూడండి. దాటకపోతే నిర్వచనాలు మళ్లీ రాసుకోవాలి.

ఇప్పుడు సెన్సర్ గీసే తరంగం దగ్గరికి. నుదుటి మీద పడ్డ మంచి హెడర్ ఎలా కనిపిస్తుందంటే: ఎక్స్ ముందుకి, వై కుడికి, జడ్ కిందికి అనుకుంటే, ఎక్స్ మీద రుణ దిశలో 10–15 మిల్లీసెకన్ల నున్నటి గుట్ట. వై చుట్టూ భ్రమణ వేగం బంతి తాకకముందు రుణంలో ఉంటుంది, ఎందుకంటే ప్లేయర్ తల ముందుకి కొడుతోంది. తాకగానే ధనం వైపు తిరుగుతుంది, గడ్డం పైకి లేస్తుంది. ఈ గుర్తులు తలకిందులైతే అక్షాల అమరిక తప్పు. ఒకటి రెండు మిల్లీసెకన్ల సూది లాంటి మొన వస్తే కింది పళ్లు గార్డ్‌ను ఠక్కున కొట్టాయని. దెబ్బ అయ్యాక చాలాసేపు ఆగకుండా ఊగితే గార్డ్ వదులుగా ఉందని. భ్రమణ వేగం పైకెక్కి బల్లపరుపుగా ఆగిపోతే గైరో (భ్రమణ వేగం కొలిచే భాగం) హద్దు దాటిందని: సెకనుకు 2000 డిగ్రీల గైరో సుమారు 35 రేడియన్ల దగ్గర ఆగిపోతుంది. ఆ దెబ్బను పారేయకండి, "హద్దు దాటింది" అని గుర్తు పెట్టండి. అది అన్నిటికంటే బలమైన దెబ్బల్లో ఒకటి కావచ్చు.

యాక్సిలరోమీటర్ (త్వరణం కొలిచే భాగం), గైరో రెండూ సెకనుకు కనీసం 1000 నమూనాలు తీయాలి, ట్రిగ్గర్‌కు ముందు కనీసం 10 మిల్లీసెకన్లు నిలవ ఉండాలి. పళ్ల దగ్గర నుంచి గురుత్వకేంద్రానికి మార్చేటప్పుడు రెంటి మధ్య దూరం కావాలి. చాలా సాఫ్ట్‌వేర్లు సగటు పురుషుడి డమ్మీ తల కొలతలు పెట్టుకుని వస్తాయి. ఆ సెట్టింగ్ వెతికి, తల చుట్టుకొలత, పళ్ల నుంచి చెవి రంధ్రం దాకా దూరం ఒక్కొక్కరిదీ కొలిచి పెట్టండి. కోణీయ త్వరణం ఎక్కువగా ఉన్న దెబ్బల్లో ఈ దూరంలో తప్పు నేరుగా జీ విలువలోకి వచ్చేస్తుంది.

పలకపెన్సిల్

చాలా ఉపయోగం. ప్యాచ్ పక్కన పెట్టేశాం. కోచ్ అడిగిన గీత సంగతి ఎవరూ ఎత్తలేదు. 60 జీ, 80 జీ, ఏదో ఒక అంకె?

మైదానం అంచు

అంకె ఇవ్వకండి. ఇస్తే రెండు వైపులా ప్రమాదం. తక్కువ విలువ వచ్చిన దెబ్బలతో కంకషన్ (దెబ్బకు మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడం) అయినవాళ్లున్నారు, పెద్ద విలువ వచ్చినా లక్షణం లేనివాళ్లున్నారు. గీత గీశాక దాని కింద పడ్డ దెబ్బకు "సెన్సర్ ఏం అనలేదుగా" అని ఆడనిస్తారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

బయటికి తీసుకొచ్చేది లక్షణాన్ని బట్టి. కదలకుండా పడి ఉండడం, లేచి తూలడం, శూన్యంగా చూడడం, స్కోరు ఎంతో ఏ సగం ఆడుతున్నామో తడబడడం, తలనొప్పి, వెలుగు చూడలేకపోవడం, "ఏదో తేడాగా ఉంది" అనడం. వీటిలో ఒక్కటి ఉన్నా బయటికే, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. డాక్టర్ లేని మైదానంలో సీఆర్‌టీ 6 కార్డు (కంకషన్‌ను ఎవరైనా గుర్తుపట్టేందుకు), డాక్టర్ ఉంటే స్కాట్ 6 (వైద్యులు చేసే కంకషన్ పరీక్ష). స్కాట్ 6కు కనీసం 10–15 నిమిషాలు, నిశ్శబ్దమైన గది కావాలి. సైడ్‌లైన్ దగ్గర నిలబెట్టి రెండు నిమిషాల్లో కానిచ్చేస్తే అది పరీక్ష కాదు. దెబ్బ తగిలిన 72 గంటల లోపే దానికి బలం. సీజన్ మొదలుకాకముందే అందరికీ ఒకసారి చేసి ఉంచుకోండి, పోల్చడానికి పనికొస్తుంది.

తర్వాత 24–48 గంటలు తేలికపాటి విశ్రాంతి. చీకటి గదిలో పడుకోబెట్టడం కాదు, మామూలు నడక, చిన్న పనులు చేయొచ్చు, స్క్రీన్ తగ్గించాలి. ఆ తర్వాత మెట్టు మెట్టుగా, దెబ్బ తగిలే అవకాశం ఉన్న ప్రాక్టీసుకు ముందు లక్షణాలు పూర్తిగా పోవాలి, డాక్టర్ ఒప్పుకోవాలి. హెడింగ్ అన్నిటికంటే చివర్లో.

నిబంధనలు కూడా ఇప్పుడు తోడున్నాయి. 2021 జనవరి నుంచి ప్రయోగంగా నడిచిన అదనపు కంకషన్ సబ్‌స్టిట్యూషన్‌ను ఐఫ్యాబ్ (ఫుట్‌బాల్ నియమాలు రాసే సంస్థ) 2024 జూలై నుంచి ఆట నియమాల్లో చేర్చింది. మీ పోటీ నిర్వాహకులు దాన్ని ఎంచుకున్నారో లేదో కనుక్కోండి. బయటికి వెళ్లిన ప్లేయర్ తిరిగి రాదు, అదే దాని అసలు ప్రయోజనం.

గైరోస్కోపు

ఒక సవరణ. వరల్డ్ రగ్బీ 2024 నుంచి అగ్రశ్రేణి మ్యాచ్‌ల్లో మౌత్‌గార్డ్ హెచ్చరికను తల పరీక్షలో భాగం చేసింది. మహిళలకు రేఖీయ త్వరణం హద్దు పురుషులకంటే తక్కువ పెట్టింది. కాబట్టి అంకె అసలే వద్దనలేం.

మైదానం అంచు

నిజమే, కానీ అక్కడ హెచ్చరిక అర్థం "ఈమెను బయటికి తీసుకొచ్చి పరీక్షించండి" అని. హెచ్చరిక రాకపోతే బాగున్నట్టు అని ఎక్కడా లేదు. పైగా అక్కడ మైదానం పక్కనే డాక్టర్, పరీక్ష గది, దాదాపు అదే క్షణంలో వచ్చే సిగ్నల్ ఉంటాయి. సెషన్ అయ్యాక డౌన్‌లోడ్ చేసే గార్డ్‌తో ఆ పని జరగదు. గార్డ్‌ను గంటలా వాడొచ్చు. గంట మోగలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడమే వద్దంటున్నాను.

తూకంరాళ్లు

నాలుగో ప్రశ్నకు. పురుషుల అంకెల్ని మహిళలకు దించేయడం కుదరదు. కారణాలు ఒకటి రెండు కావు.

ముందు మామూలు భౌతికశాస్త్రం. 430 గ్రాముల బంతి సెకనుకు 15 మీటర్ల వేగంతో వచ్చి 10 మీటర్ల వేగంతో తిరిగి పోయిందనుకోండి. వేగంలో మార్పు 25, ద్రవ్యవేగంలో మార్పు 10.75 న్యూటన్ సెకన్లు. తాకిడి 10 మిల్లీసెకన్లయితే సగటు బలం 1075 న్యూటన్లు. తల ఒక్కటే ఆ బలాన్ని మోస్తే 4.5 కిలోల తలకు 24 జీ, 3.6 కిలోల తలకు 30 జీ. బంతి అదే, వేగం అదే, తల బరువు మారితే ఇంత తేడా. మెడ బిగించి మొండేన్ని కూడా వెనక తోడు పెట్టుకుంటే రెండూ తగ్గుతాయి. బిగించకముందే బంతి తగిలితే తగ్గవు. అనుకోకుండా తగిలిన బంతిని విడి లేబుల్‌గా పెట్టాలని పైన చెప్పింది ఇందుకే.

గాయాల లెక్కలు కూడా అటే చూపిస్తున్నాయి. అమెరికా హైస్కూళ్లలో 2005–06 నుంచి 2013–14 వరకు నమోదైనవి చూస్తే, ప్రతి 10,000 సార్లు మైదానంలోకి దిగినప్పుడు అమ్మాయిల్లో 4.50 కంకషన్లు, అబ్బాయిల్లో 2.78. అబ్బాయిల్లో 68.8 శాతం ఇంకో ప్లేయర్ తగలడం వల్ల, అమ్మాయిల్లో అది 51.3 శాతమే. మిగిలినవాటిలో బంతి, నేల, గోల్‌పోస్ట్ వాటా అమ్మాయిల్లో పెద్దది. మిషిగన్ హైస్కూళ్ల మీద 2021లో వచ్చిన పరిశీలనలో ఇంకో బాధాకరమైన సంగతి ఉంది: దెబ్బ తగిలిన రోజే ఆటలోంచి తీసేయడం అమ్మాయిల్లో తక్కువ. కాబట్టి మీ పట్టికలో "తాకిన సమయం", "బయటికి వచ్చిన సమయం" రెండు గడులూ పెట్టండి. సెన్సర్ చూపించలేని లోపం ఆ రెంటి మధ్య బయటపడుతుంది.

మెదడు చిత్రాల్లో: 2018లో 49 మంది పురుషుల్ని, 49 మంది మహిళల్ని వయసు, ఏడాది హెడర్ల సంఖ్య సమానంగా ఉండేలా జోడించి డీటీఐ స్కాన్ (మెదడు తంతువుల్ని చూపే ఎంఆర్‌ఐ) తీశారు. హెడింగ్ ఎక్కువైనకొద్దీ ఎఫ్‌ఏ (ఆ తంతువులు ఎంత చక్కగా ఉన్నాయో సూచించే విలువ) తగ్గిన తెల్ల పదార్థం భాగాలు పురుషుల్లో 3, మహిళల్లో 8. ఆ భాగాల మొత్తం పరిమాణం మహిళల్లో దాదాపు అయిదు రెట్లు. ఇది ఒక్కసారి మాత్రమే తీసిన స్కాన్, హెడర్ల సంఖ్య ప్లేయర్లు గుర్తుచేసుకుని చెప్పింది, మతిమరుపు రోగం వస్తుందని ఇది చెప్పదు. కానీ ఒకే సంఖ్య హెడర్లకు ఇద్దరిలో ఒకే ఫలితం ఉంటుందనే ఊహ మాత్రం నిలవదు. 2019లో స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లలో నాడీక్షీణత వ్యాధులతో చనిపోవడం సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని తేలిందే, దాన్ని అందరూ ఎత్తిచూపుతారు. అందులో అందరూ పురుషులే. మహిళల మెదళ్ల మీద సమాచారం తక్కువ కాబట్టే అమెరికా మాజీ ఫుట్‌బాల్ ప్లేయర్ బ్రాండీ చాస్టెయిన్ 2016లో తన మెదడును పరిశోధనకు ఇస్తానని ప్రకటించారు.

చేతిలో ఉన్న పనికి వస్తే: మెడ బలం కొలిచి పెట్టుకోండి. చేత్తో పట్టుకునే డైనమోమీటర్‌తో ముందుకి, వెనక్కి, రెండు పక్కలకి, ఒక్కో దిశలో మూడుసార్లు. హైస్కూల్ ప్లేయర్ల మీద 2014లో వచ్చిన ఫలితం ప్రకారం మెడ బలం ఒక పౌండు పెరిగితే కంకషన్ అవకాశం 5 శాతం తగ్గింది. వారానికి రెండుసార్లు మెడ వ్యాయామానికి పది నిమిషాలు అడిగితే ఏ కోచ్ కాదంటారు.

హెడర్ల కోటాకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 2021లో ఇచ్చిన మార్గదర్శకం పట్టుకోండి: బలమైన హెడర్లు ప్రాక్టీసు వారంలో 10కి మించకూడదు. బలమైనవి అంటే 35 మీటర్లు దాటిన పాస్, క్రాస్, కార్నర్, ఫ్రీకిక్. ఒకేరోజు గుత్తగా చేయించకండి. స్టిర్లింగ్ విశ్వవిద్యాలయం 2016లో 20 హెడర్లు వరసగా చేయించి చూస్తే, మెదడు నుంచి కండరాలకు వెళ్లే సంకేతాలకు నిరోధం పెరిగింది, జ్ఞాపక పరీక్షలో తప్పులు పెరిగాయి, 24 గంటల్లో మామూలైంది. బంతి గాలి నియమం ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ వరకు ఉండొచ్చు. హెడింగ్ ప్రాక్టీసుకు కింది హద్దు దగ్గర పెట్టండి, నీళ్లు పీల్చిన బంతి పక్కన పడేయండి.

నివేదికలో సగటు రాయకండి. చిన్న దెబ్బలు వందల్లో, పెద్దవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి కాబట్టి సగటు ఏమీ చెప్పదు. మధ్యస్థం, 95వ శాతస్థానం (వందలో 95 దెబ్బలు దాని లోపే ఉండే విలువ), గరిష్ఠం ఇవ్వండి. రేఖీయ, కోణీయ త్వరణాలతోపాటు భ్రమణ వేగం కూడా, మూడు అక్షాలకూ విడిగా. తల పక్కకి తిప్పుతూ బంతిని వెనక్కి జార్చే హెడర్లలో జీ తక్కువే కనిపిస్తుంది, జడ్ చుట్టూ భ్రమణం మాత్రం పెద్దది. బ్రిక్ సూచీలో (భ్రమణ వేగాన్ని బట్టి మెదడు గాయం ప్రమాదాన్ని అంచనా వేసేది) ఎక్స్, వై, జడ్ అక్షాలకు వరసగా క్లిష్ట విలువలు 66.25, 56.45, 42.87 రేడియన్లు సెకనుకు. అన్నిటికంటే తక్కువ జడ్‌కే.

పలకపెన్సిల్

చివరి అడ్డంకి: స్కాన్ తీసి చేసే గార్డులు 8కే డబ్బుంది. ఎవరికి ఇవ్వాలి?

వీడియో బెంచి

వారం మార్చి వారం తిప్పుకోవచ్చనుకోకండి, ఒకరి పళ్లకు చేసింది ఇంకొకరికి సరిపోదు. మొదటి నాలుగు మ్యాచ్‌లకు గార్డులు లేకుండా వీడియో మాత్రమే తీసి 22 మంది హెడర్లూ లెక్కపెట్టండి. సంఖ్యలో ముందున్న 5 మందికి 5, మిగిలిన 3 లాటరీ తీసి. లాటరీ వాటా ఎందుకంటే, ఎక్కువ హెడ్ చేసేవాళ్లకే ఇస్తే తక్కువ చేసేవాళ్లకు టెక్నిక్ లేక ఒక్కో దెబ్బ బలంగా తగులుతోందేమో ఎప్పటికీ తెలియదు. మిగతా 14 మందికి వీడియో లెక్క సీజన్ చివరిదాకా ఆగకూడదు. ఎంపిక ఎలా జరిగిందో నివేదిక మొదటి పేజీలోనే రాయండి.

ఇంకొకటి, గార్డులు కొనకముందే తేల్చుకోవాల్సింది. ఎవరి డేటా వాళ్లకు ప్రతి వారం చూపిస్తామని, జట్టు ఎంపికలో దాన్ని వాడబోమని సమ్మతి పత్రంలో రాసి కోచ్ సంతకం కూడా పెట్టించండి. ఆ సంతకం లేకపోతే మూడో వారానికి గార్డులు సాక్స్‌ల్లో చేరతాయి.